కలిసొచ్చే కాలానికి పిల్లలను సిద్ధం చేయడం

తొలకరి వాన పడిన మర్నాడు తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర వైపు వెళ్ళే బస్సుల్లో కూర్చోవడానికి చోటు దొరకదు. కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచే కాక బళ్ళారి వైపు నుంచి కూడా మనుషులు సద్దిమూటలతో వచ్చి, చేలల్లో తల వంచుకొని నడుస్తూ వజ్రాల కోసం వెతుకుతారు. వాన పైమట్టిని కడిగివేయడంతో గులకరాళ్ళు బయటపడతాయి, ఎండ తగలగానే వాటిలో ఏదైనా మెరుస్తుందేమోనని ఆశ. వజ్రకరూరు చుట్టుపక్కల నేలలో వజ్రాలకు మూలమైన కింబర్లైట్ శిల ఉన్నట్టు భూగర్భ శాస్త్రవేత్తలు ఏనాడో నిర్ధారించారు కాబట్టి ఈ వెతుకులాట ఉత్త భ్రమ కాదు. ఏటా కొందరికి రాళ్ళు దొరకడం, వ్యాపారులు వాటిని కొనడం, ఆ వార్త పత్రికల్లో రావడం జరుగుతూనే ఉంటుంది. ఏమీ దొరకక తిరుగుబస్సు ఎక్కిన వారి సంగతి మాత్రం ఏ పత్రికా రాయదు.

గుత్తి దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే నన్ను జూన్ నెల రాగానే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడం, అదృష్టం ఉంటేనే వజ్రం దొరుకుతుందా?" దీనికి పెద్దలు సాధారణంగా ఇచ్చే జవాబులు రెండు. రాసిపెట్టి ఉండాలన్నది ఒకటి, కష్టపడితే దొరకనిదంటూ ఉండదన్నది రెండవది. మొదటి జవాబు విన్న పిల్లవాడు చేతులు ముడుచుకొని కూర్చుంటాడు. రెండవది నిజం కాదని మా సీమ పిల్లలకు పదేళ్ళు నిండేలోపే తెలిసిపోతుంది. ఏడాది పొడవునా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో, తండ్రి కష్టంలో ఏ లోపమూ లేకుండానే వేరుశెనగ చేను నిలువునా ఎండిపోవడం చూడని రైతుబిడ్డ ఉండదు. అటువంటి బిడ్డ ముందు నిలబడి, శ్రమకు తగిన ఫలం ఎప్పుడూ దక్కుతుందని చెప్పడానికి నాకు నోరు రాదు.

నేను గమనించినంతలో, మనుషులకు కలిసివచ్చిన సంగతుల్లో చాలా భాగం రెండు దారుల్లో వస్తుంది. కళ్ళెదుట ఉన్నదాన్ని గమనించడం ఒక దారి, ముఖపరిచయం మాత్రమే ఉన్న మనిషిని నోరు తెరిచి అడగడం రెండవ దారి. చదువు పేరుతో, క్రమశిక్షణ పేరుతో ఈ రెండు దారులనూ మనమే పిల్లలకు మూసివేస్తున్నాము. ఆ పైన వాళ్ళకు కలిసిరావాలని గుళ్ళ చుట్టూ తిరుగుతున్నాము.

పరీక్షకు బయలుదేరిన పిల్లకు పిల్లి ఎదురైతే వెనక్కి పిలిచి మంచినీళ్ళు తాగించడం, హాల్ టికెట్టును దేవుడి పటం ముందు పెట్టి పసుపు కుంకుమ అద్దడం మా ఇళ్ళలో మామూలే. పెన్నుకు బొట్టు పెడితే గుండె దడ తగ్గేటట్లయితే పెట్టనివ్వండి, దానిమీద నాకు తగవు లేదు. చిక్కు ఫలితాలు వచ్చిన రోజు మొదలవుతుంది. మార్కులు తగ్గితే "దాని రాత అంతే" అని జేజి అంటుంది, పెరిగితే "ఈసారి పేపరు సులభంగా వచ్చింది" అని పక్కింటివాళ్ళు అంటారు. రెండు మాటల్లోనూ పిల్ల చేసిన పనికి చోటు లేదు. గెలుపోటములకు మనుషులు చెప్పుకొనే కారణాలను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ వీనర్ 1970లలో నాలుగుగా విడదీశాడు: సామర్థ్యం, ప్రయత్నం, పని ఎంత కఠినమన్నది, అదృష్టం. ఓటమికి తనకు తెలివి లేకపోవడమే కారణమని నమ్మిన పిల్లవాడు తొందరగా ప్రయత్నం మానుకుంటాడని, ప్రయత్నం చాలలేదని అనుకున్నవాడు మళ్ళీ కూర్చుంటాడని ఆయన సిద్ధాంతం చెబుతుంది. అయితే ప్రతి ఓటమికీ ప్రయత్నలోపమే కారణమనడం కూడా అన్యాయమే కాబట్టి, ఏ ఫలితంలో ఏ కారణం పాలు ఎంతో విడదీసి చూడగలగడమే పిల్లలకు నేర్పవలసిన మొదటి పని అని నా అభిప్రాయం.

దాన్ని నేర్పడానికి మన పాత ఆటలను మించిన సాధనం నాకు కనిపించలేదు. వైకుంఠపాళిలో ఆడేవారి తెలివికి పనే లేదు, పందెం ఎంత పడితే అంత కదలడం, నిచ్చెన వస్తే ఎక్కడం, పాము నోట్లో పడితే దిగడం, అంతే. దీనికి పూర్తిగా ఎదురు కొసన పులి-మేక ఉంటుంది. పాత గుళ్ళ మంటపాల్లో, ఊరి అరుగుల బండల మీద ఆ గీతలు ఇప్పటికీ చెక్కి కనిపిస్తాయి. 3 పులులు, 15 మేకలతో ఆడే ఆ ఆటలో పందెం వేయడమే ఉండదు, ఓడినవాడు తన ఎత్తును తప్ప దేన్నీ నిందించలేడు. ఈ రెండింటి నడుమ ఉన్నది అష్టాచెమ్మా. గవ్వ ఎలా పడుతుందన్నది మన చేతిలో లేదు, పడిన పందేనికి ఏ కాయను జరపాలన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. జీవితం ఎక్కువగా ఈ మూడవ ఆటనే పోలి ఉంటుందని పిల్లలకు ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు, మూడు ఆటలనూ ఒకే వేసవి సెలవుల్లో ఆడిస్తే చాలు.

ఇక్కడ గణితం టీచరుగా కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నాలుగు గవ్వలు విసిరితే అవి వెల్లకిలా, బోర్లా పడే విధాలు మొత్తం 16. రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడే విధాలు అందులో 6, నాలుగూ వెల్లకిలా పడి చెమ్మా అయ్యేది ఒక్క విధంగానే, నాలుగూ బోర్లా పడి అష్టా అయ్యేది కూడా ఒక్క విధంగానే. నిజమైన గవ్వ రెండు వైపులా సమానంగా పడదు కాబట్టి ఈ లెక్క ఉజ్జాయింపు మాత్రమే. ఏ పందెం పడిందో కాగితం మీద గీతలు పెడుతూ పోతే తమ ఇంటి గవ్వల గుణం ఏమిటో పిల్లలే కనిపెడతారు. గవ్వల మీద ఊది విసిరితే అష్టా పడుతుందని వాదించే పిల్లవాడితో నేను వాదించను. ఊదినప్పుడు ఒక వరుసలో, ఊదనప్పుడు ఒక వరుసలో గీతలు పెట్టమంటాను. ఒక సాయంత్రం గడిచేసరికి ఆ నమ్మకం దానంతట అదే సడలుతుంది, పైగా తానే తేల్చుకున్న సంగతి కాబట్టి ఎవరూ తనను వెక్కిరించారన్న బాధ ఉండదు. ఆట అయ్యాక గెలిచినవారినీ ఓడినవారినీ ఒకే ప్రశ్న అడగాలి: "ఇందులో గవ్వలు చేసింది ఎంత, నువ్వు చేసింది ఎంత?" గెలిచిన పిల్ల "గవ్వలు బాగా పడ్డాయి" అని ఒప్పుకొన్న రోజున, ఓడిన పిల్ల "కాయను గుర్తు వేసిన గడిలో నిలపకుండా తొందరపడ్డాను" అన్న రోజున, పాఠం ఒంటబట్టినట్టే. తర్వాత త్రైమాసిక పరీక్షల మార్కులు వచ్చినప్పుడు అదే ప్రశ్నను అదే స్వరంతో అడగవచ్చు.

ఇక గమనించడం సంగతి. బ్రిటన్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్, తమను తాము అదృష్టవంతులమనో దురదృష్టవంతులమనో చెప్పుకొనే కొన్ని వందల మందిని ఏళ్ళ తరబడి పరిశీలించాడు. వారికి ఒక వార్తాపత్రిక ఇచ్చి, అందులో ఫొటోలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమన్నాడు. రెండవ పేజీలోనే సగం పేజీ అంతటా పెద్ద అక్షరాలతో, లెక్క ఆపివేయవచ్చుననీ ఈ పత్రికలో 43 ఫొటోలు ఉన్నాయనీ అచ్చువేయించాడు. అదృష్టవంతులమని చెప్పుకొన్నవారిలో ఎక్కువమంది దాన్ని చూసి కొన్ని క్షణాల్లో పని ముగించగా, రెండవ వర్గంవారు సగటున రెండు నిమిషాల పాటు ఫొటోలను లెక్కపెడుతూనే ఉన్నారు. ఆదుర్దా మనిషి చూపును ఇరుకు చేస్తుందని, ఒకే వస్తువు కోసం వెతికేవాడికి పక్కనున్నది కనిపించదని ఆయన చెప్పిన వివరణ.

మన పిల్లలకు మనం ఇస్తున్న తర్ఫీదు అచ్చంగా ఫొటోలు లెక్కపెట్టే తర్ఫీదే. పాఠం వెనుక ఇచ్చిన బిట్లు, గైడులోని జవాబులు, వాటికి వచ్చే మార్కులు తప్ప పుస్తకంలో మరొకటి చూడడానికి వారికి తీరిక లేదు. కార్పొరేట్ కళాశాలల హాస్టళ్ళలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా సాగే స్టడీ అవర్ల మధ్య ఒక పిల్లవాడికి అనుకోని సంగతి ఏదైనా తారసపడే అవకాశం ఎక్కడుంది?

జొన్నగిరికి దగ్గరలోనే, గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే మార్గంలో, ఎర్రగుడి ఉంది. అక్కడి గుండ్ల మీద అశోకుడు బ్రాహ్మీ లిపిలో వేయించిన శాసనాలు 2,200 ఏళ్ళకు పైబడి ఉన్నాయి. ఆ దారిన రాకపోకలు సాగించినవారు, ఆ గుండ్ల పక్కన గొర్రెలను మేపుకొన్నవారు తరతరాలుగా ఉన్నా, అవి ఏమిటో లోకానికి తెలిసింది 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడిన తర్వాతనే. రాళ్ళను చూడడం వృత్తిగా గల మనిషి రాతి మీద ఉన్న గీతలు ప్రకృతి గీసినవి కావని పోల్చుకోగలిగాడు. మా పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు, ఆ శాసనాల్లో లఘు శిలాశాసనం అనే చిన్నదానిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయని ముందుగా చెప్పను. ఎవరైనా "మేడం, ఈ వరుసలో అక్షరాలు తిరగబడి ఉన్నాయే" అనేంతవరకు ఊరకే నిలబడతాను. ఏ ఏడాదైనా ఎవరో ఒకరు అంటారు, అన్నది చాలాసార్లు తరగతిలో వెనుక బల్ల మీద కూర్చునే పిల్లలే. ఇంట్లో ఈ అలవాటుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. అనంతపురం దాకా బస్సులో వెళ్ళివచ్చిన పిల్లను "ఏం కొన్నావు" అని మాత్రమే కాక "కొత్తగా ఏం చూశావు" అని అడగడం, ఆ అడిగిన మనిషి జవాబును ఫోను పక్కన పెట్టి వినడం సరిపోతాయి.

అడగడం గురించి మనకు చక్కటి సామెత ఉండనే ఉంది, అడగనిదే అమ్మైనా పెట్టదని. అయినా పిల్లలకు మనం నేర్పేది అడగకుండా ఉండడమే. పెద్దలు మాట్లాడుకునే చోట నిలబడకూడదు, కొత్తవారితో మాట కలపకూడదు, తెలియదని ఒప్పుకుంటే పరువు పోతుంది. ఇలా పెరిగిన పిల్లవాడు ఇంటర్ అయ్యాక తిరుపతిలోనో బెంగుళూరులోనో దిగి, హాస్టల్ ఫీజు కట్టే కిటికీ ఎక్కడో అడగలేక ఇంటికి ఫోను చేస్తాడు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, బోస్టన్ పక్కనున్న న్యూటన్ పట్టణంలో తెలిసినవారి ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించినవారి వివరాలు ఇచ్చాడు. తరచూ కలిసే మనిషి ద్వారా ఆ కబురు అందినవారు వారిలో సుమారు 17 శాతం మాత్రమే. దాదాపు 56 శాతం మందికి అప్పుడప్పుడూ కలిసేవారి ద్వారా, మిగిలిన 28 శాతం మందికి అరుదుగా కలిసేవారి ద్వారా అందింది. మన ఇంట్లోవారికి, మన ప్రాణస్నేహితులకు తెలిసినవి చాలావరకు మనకూ తెలిసినవే కాబట్టి కొత్త కబురు ఎప్పుడూ కొంచెం దూరపు మనిషి నుంచే రావాలి. మేనత్త ఆడబిడ్డ కొడుకు, పాత అద్దె ఇంటి యజమాని, బడి మానేసిన సీనియరు వంటివారు ఆ దూరపు మనుషులు. పెళ్ళికి వెళ్ళి ఒక మూల కుర్చీలో ఫోను చూసుకుంటూ భోజనం పిలుపు కోసం ఎదురుచూసే పిల్లలు పోగొట్టుకొంటున్నది ఈ దూరపు మనుషులనే.

అందువల్ల చిన్నప్పటి నుంచే అంగడికి పంపి చిల్లర లెక్క వారినే చూసుకోనివ్వాలి, బస్టాండులో "అన్నా, ఆదోని బస్సు ఏ ప్లాట్‌ఫారం?" అని వారినే అడగనివ్వాలి, బ్యాంకులో చలానా వారిచేతనే నింపించాలి. అడిగినచోట కసురుకునేవారూ ఉంటారు. కసురు తిన్నా కొంప మునగలేదని పిల్లకు తెలియడం ఆ పనిలో సగం ప్రయోజనం. ఇచ్చిన మాట ప్రకారం పుస్తకం తిరిగి ఇవ్వడం, సాయం చేసిన మనిషికి పని అయ్యాక ఆ సంగతి చెప్పడం కూడా ఇందులో భాగమే, ఎందుకంటే పని అయిన తర్వాత ముఖం చాటేసిన వాడికి రెండవసారి ఎవరూ కబురు చెప్పరు.

ఆడపిల్లల విషయంలో ఇది మరింత గట్టిగా చెప్పవలసి ఉంది. నా తరగతిలో మార్కులు ఎక్కువగా తెచ్చుకునేది వారే, బడి గేటు దాటాక ఎవరినీ ఏమీ అడగకూడదన్న కట్టడి ఎక్కువగా ఉన్నదీ వారికే. తల్లిదండ్రుల భయాన్ని నేను తేలికచేయడం లేదు, భయపడవలసిన సందర్భాలు ఉన్నాయి. కానీ ఎవరితో మాట్లాడాలి, ఎక్కడ మాట్లాడాలి, ఎప్పుడు లేచి వచ్చేయాలి అన్న వివేకం మాట్లాడుతూ ఉంటేనే వస్తుంది. తోడు తల్లి ఉండి, మాట పిల్ల మాట్లాడే పద్ధతిలో మొదలుపెట్టవచ్చు.

మెట్ట సేద్యంలో పదును రోజు, అంటే నేల విత్తడానికి తగినంత తడిసిన రోజు, వచ్చినప్పుడు గొర్రు బాగుచేయించుకొని, విత్తనం వలిచిపెట్టుకొన్న రైతు విత్తుతాడు, మిగిలినవారు ఆ రోజు విత్తనాల కోసం తిరుగుతారు. చదువులోనూ అటువంటి పదును రోజులు ఉన్నాయి, అవి నోటీసు బోర్డు మీద కనిపిస్తాయి. ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు జరిగే ఎన్‌.ఎం.ఎం.ఎస్. అనే కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతన పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాలో పడతాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల రూపాయలకు మించకూడదు. పరీక్షలో మేధాశక్తికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు ఉంటాయి. ఎంపికైన తర్వాత కూడా, ఆధార్‌లో ఇంటిపేరు ఒక విధంగా, బడి రికార్డులో మరొక విధంగా ఉన్నందువల్ల డబ్బు పడక తల్లిదండ్రులు తిరిగే తిరుగుడు ఇంతా అంతా కాదు. ఏటా రెన్యువల్ చేయించుకోవాలన్న సంగతి తెలియక రెండవ ఏడాది పోగొట్టుకునేవారూ ఉన్నారు. దీన్ని వారు దురదృష్టమనే అంటారు. ఆరో తరగతిలోనే పిల్ల పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకే విధంగా ఉన్నాయో లేదో చూసుకొని, ఆదాయ ధ్రువపత్రం ఎలా తీసుకోవాలో గ్రామ సచివాలయంలో ఒకసారి అడిగి పెట్టుకొన్న ఇంట్లో ఆ దురదృష్టం చాలావరకు ఉండదు. రోజూ ప్రార్థన అయ్యాక నోటీసు బోర్డు చదివి ఇంట్లో చెప్పడం పిల్లకు ఒక పనిగా అప్పగించండి, చదవడం రాని తల్లికైనా ఆ వార్త అందుతుంది.

వైజ్‌మన్ చెప్పిన మరో మాటతో మాత్రం నేను కొంచెం జాగ్రత్తగా ఉంటాను. మంచే జరుగుతుందని ఎదురుచూసేవారికి మంచి జరిగే అవకాశం ఎక్కువని ఆయన అంటాడు. ఆశ ఉన్నవాడు మరో నాలుగు అడుగులు ఎక్కువ వేస్తాడన్నంతవరకు అది నిజమే. కానీ దాన్ని మరికాస్త లాగితే, చేను ఎండిన రైతు సరిగా ఆశపడలేదని, అతని తప్పేదో ఉందని చెప్పవలసి వస్తుంది. ఎక్కడ పుట్టామన్నది, ఇంట్లో ఎవరు చదువుకున్నారన్నది, బడి ఎంత దూరమన్నది గవ్వలు వేసిన పందేలే. ఈ సంగతి ఇంట్లో దాచకుండా మాట్లాడే తల్లిదండ్రుల పిల్లలు, తమకు ఏదైనా దక్కినప్పుడు దక్కనివారిని చిన్నచూపు చూడరు, తమకు దక్కనప్పుడు తమను తాము తిట్టుకొంటూ కూర్చోరు.

ఎంపిక జాబితాలో పేరు లేని సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందన్నది పిల్లలు చాలాకాలం గుర్తు పెట్టుకుంటారు. ఆ రోజు ఓదార్పు చాలు, లెక్కలు వద్దు. రెండు మూడు రోజులు పోయాక ప్రశ్నపత్రం తీసి, ఏ భాగంలో ఎన్ని పోయాయో పిల్లచేతనే చూపించుకొని, తర్వాత ఏమున్నాయో కూర్చొని వెతకాలి. లేపాక్షి, బనవాసి నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి సీటు రానివారికి తొమ్మిదో తరగతిలో ఖాళీల మేరకు మరో ప్రవేశ పరీక్ష ఉంటుంది. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశానికి పాలిసెట్ పరీక్ష ఉంది. కడప జిల్లా ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీలో ప్రవేశం పదో తరగతి మార్కులను బట్టి ఉంటుంది. మా బడిలో తొమ్మిదో తరగతి నవోదయ పరీక్షకు దరఖాస్తు చేసేవారు ఏటా వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది కూడా ఉండరు. అటువంటి పరీక్ష ఒకటి ఉందని మిగిలిన ఇళ్ళకు ఎవరూ చెప్పలేదు, వారూ ఎవరినీ అడగలేదు.